ఓడినవాళ్ళే దిగాలి

దీవి రేవు వెనక సిమెంటు మైదానంలో పిల్లలు జట్టుకి నలుగురు చొప్పున ఫుట్‌బాల్ పోటీ ఆడుతున్నారు. బంతి సముద్రంలో పడితే ఒకడు ఈదుకుంటూ తేవడానికి పోయాడు. ఈలోగా గోలు కాస్తున్న అమ్మాయితో అవతలి జట్టు అబ్బాయి మాటల్లో పడ్డాడు.

“చెరి ఒకటి అయ్యాయి. ఇంకొక్కటి కొడితే గెలుపు మీదే. కొట్టరా బాబూ.”

“పొద్దుట్నుంచీ మిమ్మల్ని దించలేక చస్తున్నాం. ఇప్పుడు నువ్వే కొట్టమంటున్నావా?”

“గెలిచినవాళ్ళు ఆడుతూనే ఉండాలి, ఓడినవాళ్ళే దిగాలి అని రూలు పెట్టింది మీ అక్కేగా. మధ్యాహ్నానికల్లా ఓడిపోతామనుకునే వచ్చాను.”

“మీ జట్టుని చూసి మేమూ అదే అనుకున్నాంలే.”

“ఐదింటి ఓడకి మా నాన్న వెళ్ళిపోతున్నాడు. మళ్ళీ క్రిస్మస్‌కే రావడం.”

“అయితే పో.”

“ఒక్కళ్ళు మధ్యలో పోయినా జట్టు మొత్తాన్ని వేసవంతా ఆడనివ్వరు. మా తమ్ముడు లూక్ష మొదటిసారి గెలుస్తున్నాడు, వాడి మొహం చూడు.”

“సరే. ఏ పక్కకి కొట్టమంటావు?”

“నా ఎడం పక్కకి. గట్టిగా కొట్టు, ఎవరికీ అనుమానం రాకుండా.”

బంతి వచ్చింది. అబ్బాయి కొట్టాడు.

“చెప్పిన పక్కకే కొట్టానుగా. ఎందుకు ఆపావు?”

“నేను ఆపలేదు. చేతులు వాటంతటవే పోయాయి.”

“ఓడ కూత వేసింది. మళ్ళీ కొడతాను, ఈసారి చేతులు వెనక్కి పెట్టుకో.”

“తాళ్ళు విప్పేశారు. మా నాన్న పైన నిలబడి రేవంతా వెతుకుతున్నాడు. ఇటు చూడ్డంలేదు.”

“పిలువు.”

“వినపడదు. ఇక నీకిష్టమైన పక్కకి కొట్టుకో. నాకిప్పుడు తొందరేం లేదు.”