ఎదురు చెప్పే వంతు

మీటింగు ముగిసి పావుగంటయింది. ఆసుపత్రి లాండ్రీలో వదినా మరిదీ చెరో కొస పట్టుకుని దుప్పట్లు మడతపెడుతున్నారు.

"మొహం అలా పెట్టావేం వదినా? దుప్పట్లు లిఫ్టులో వార్డులకి పంపాలన్న నీ ప్లాన్‌కి అడ్డుపడ్డాననా?"

"అబ్బే. ప్రతి మీటింగులో వంతులవారీగా ఒకరు కావాలనే ఎదురు చెప్పాలని సూపర్‌వైజర్ రూలు పెట్టారుగా. లోపాలు ముందే బయటపడతాయని."

"అదేగా. ఆ రూలు నువ్వూ మెచ్చుకున్నావు."

"మెచ్చుకున్నాను. లిఫ్టు సంగతి భలే పట్టావులే. పేషెంటు స్ట్రెచర్ వస్తే దుప్పట్ల బండి దిగిపోవాల్సిందేనని."

"ఏదో, అప్పటికప్పుడు తోచింది."

"తోచిందా? మొన్న బస్సులో నేను నీతో అన్న మాటే కదయ్యా అది. ఇంకెవరితోనూ అనలేదు."

"మనసులో పెట్టుకోకు వదినా. ఇంట్లో మనం ఒకటే. ఇక్కడ వంతు వచ్చాక మొహమాటపడితే ఎలా?"

"నిజమే. ఇక నీ ప్లానే ఖాయం. కొత్త షిఫ్టుకి ఇన్‌ఛార్జివీ నువ్వే."

"నాదేముంది, వచ్చినవి రెండు ప్లాన్లే, నీది పోయాక మిగిలింది అదొక్కటే."

"దానికి మాత్రం ఎవరూ ఎదురు చెప్పలేదేం?"

"ఎదురు చెప్పే వంతు నాదాయె! నా ప్లాన్‌ని నేనే ఎలా తప్పుపట్టుకుంటాను?"

"ఈసారి వంతు ఇస్త్రీ చేసే ఆవిడదట కదా. ఇందాకే చెప్పింది. నిన్న నువ్వే వెళ్లి, బతిమాలి మరీ మార్చుకున్నావట."

మరిది ఇస్త్రీ బల్ల వైపు తిరిగాడు.

"కొస వదిలేశావు. పట్టుకో."