నాలుగోవాడిగా వెళ్ళిన రాయి

“ఆగుండ్రి, గడప దాటకుండ్రి! దిష్టి తియ్యలే ఇంక.”

“తియ్ తియ్, జల్ది తియ్. కారుల పోయినం, వారంల వచ్చినం. అందుకే ఆ సముద్రం ఊరిని కార్‌వార్ అన్నరు!”

బీదర్ గంజ్ వెనక వీధి. గడపకు ఇవతల ఎర్రనీళ్ళ పళ్ళెంతో సూర్యకళ, అవతల పెట్టెతో ఆమె భర్త, పప్పుల దుకాణం దయానంద్.

“ఒక్కరే వచ్చిండ్రేంది? తిరుమలేష్ ఏడి?”

“జీవరాజ్ దారిల వాళ్ళ ఊరు మన్నాఏఖేళ్ళిల దిగిండు. వాళ్ళింటి ముంగటనే దించిన.”

“నేనడిగింది మీ దోస్తును కాదు. నా తమ్ముడిని.”

“అరె, బావమరిదిని బావ మరిచిండు అనుకుంటున్నవా? ఉన్నడు. ఆడనే ఉన్నడు.”

“ఆడ అంటే ఏడ?”

“గోవా దిక్కు, వైన్ తీసే తోటల. పీపాలు చూసిండు, పీకల్దాక తాగిండు. అదీ వైన్ వైనం! రెండు రోజులుండి వస్త అన్నడు.”

“దగ్గుమందు తాగితేనే కక్కుతడు వాడు. వాడు వైన్ తాగిండా?”

“సముద్రం గాలి సూర్యా! గాలి మారితే అలవాటు మారదా?”

“మరి ఫోన్ ఎందుకు ఎత్తుతలేడు?”

“అడవిల సిగ్నల్ ఏడుంటది?”

“ఇప్పుడే తోట అన్నరు.”

“తోట చుట్టూ అడవే గదా. అడవి, గుహలు, మల్ల అడవి. వాని పేరు చూడు, తిరుమలేష్! తిరుగుతడు, మళ్ళుతడు. బేఫికర్‌గ ఉండు.”

“మాటలతోటి ఆడకుండ్రి. ఏదన్న దాచినప్పుడే మీకు ఇన్ని తమాషాలు వస్తయ్. సోమవారం వాడు గల్లా మీద కూసోవాలె. దుకాణం మా నాయినది. చదువైనంక కొడుక్కే అప్పజెప్పుమని మీతోటి ఒట్టేయించుకొని కన్ను మూసిండు.”

“నేనెప్పుడన్న కాదన్ననా? గల్లా మీద కూసునేముందు నాలుగూర్లు చూడనియ్యని వాన్ని తీస్కపోయింది ఎవరు? నేనే గదా! నువ్వు పళ్ళెం తిప్పు ముందు.”

“తిప్పుత. ముందు రాయి ఏది?”

“ఏం రాయి?”

“పోయేటప్పుడు ఇచ్చిన రాయి. ముగ్గురు కలిసి దూరం పోవద్దని, నాలుగోవాడిగ లెక్కకు పెట్టిన గదా. అది మల్ల ఇంటికి రావాలె, రాకపోతే మీల ఒకరికి గండం అని చెప్పిన గదా.”

“తెచ్చిన, తెచ్చిన. అది లేకుండ వస్తనా? ఇగో, సంచిల ఉంది. రాయిని రా అన్న, వచ్చింది. నీ తమ్ముడిని రా రా అన్న, రాలే!”

“నవ్వకుండ్రి.”

“నవ్వుతలేను. తీస్కో.”

“జీవరాజ్‌కు ఇందాక ఫోన్ చేసిన.”

“…ఏమన్నడు?”

“గుహల కాడ కాళ్ళు నొచ్చి తను కారులనే కూసున్నడట. మీరిద్దరే లోపలికి పోయిండ్రట. మీరొక్కరే బయటికొచ్చి, తిరుమలేష్ ఎవరి జీపులనో తోటకు ముందే పోయిండు అన్నరట. తోటల తమ్ముడిని తను చూడనే లేదట.”

“వాడు పీపాల నడుమ పండిండు. జీవరాజ్‌కు ఏం కనబడ్తది? వాడు పీపా… పీపాల నడుమ…”

“రాయిని గుహలకు మీరే పట్టుకపోయిండ్రట. సంచిల పెట్టుకొని.”

“నాలుగోవాడు గదా! వానికి గుహ చూపియ్యొద్దా?”

“దీని మీద పసుపు ఏది? మందంగ పూసిన. కుంకుమ పెట్టిన.”

“వాన. ఆడ ఒకటే వాన సూర్యా. వాన, సముద్రం, ఉప్పు నీళ్ళు…”

“సంచిల ఉన్న రాయికి వాన తగిలిందా?”

“ఏం సవాళ్ళివి? పసుపే గదా! మల్ల పూస్తే అయిపాయె. పూసి, దిష్టి తీసి, నన్ను లోపలికి రానియ్యి.”

“ఇది మన బీదర్ ఎర్రరాయి. ఒళ్ళంత సన్న సన్న రంధ్రాలు. వాటిల దిగిన పసుపు వానకు పోదు. బ్రష్ పెట్టి, సబ్బు పెట్టి తోమాలె. చూడుండ్రి, రంధ్రాలల్ల సబ్బు ఇంక తెల్లగనే ఉంది.”

“సూర్యా…”

“పెండ్లయినప్పటి సంది నువ్వు చాయ్ తాగిన గిలాస ఒక్కనాడు కడగలే. రాయినెందుకు కడిగినవ్?”