అంచుల రిపోర్టు

క్యాన్సర్ డాక్టరు గది బయట, మందుల కౌంటరు పక్కన, చెల్లెలి భర్తను గోడవారగా నిలబెట్టి అడుగుతోంది అక్క.

"గడ్డ తీసినప్పటి రిపోర్టు ఏదయ్యా? డాక్టరు అడుగుతున్నారు."

"ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది వదినా."

"ల్యాబుకి ఫోన్ చేశాను. చెల్లి పేరుతో గడ్డ ఉన్న సీసా అసలు రానేలేదన్నారు."

"మెల్లగా మాట్లాడు, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ల్యాబులో ఇమ్మని నర్సు నీ చేతికిచ్చిన సీసా ఏం చేశావు?"

"పారేశాను. గోలీకాయంత గడ్డ. మొత్తం తీసేశామన్నారుగా, ఇంకా దేనికని..."

"కోసిన అంచుల్లో క్యాన్సర్ ఏమైనా మిగిలిందేమో చూడ్డానికి! మిగిలింది. ఆ కణాలు పక్క కండలోకి చొచ్చుకుపోయి, రక్తంలో పడి కొట్టుకెళ్ళి, ఇప్పుడు ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టాయి. రెండు నెలల నుంచి చెల్లి దగ్గుతుంటే నువ్వేమన్నావు?"

"దుమ్ము పడట్లేదన్నాను."

"రిపోర్టు వచ్చింది, అందులో ఏమీ లేదని కూడా అన్నావు."

"చెడ్డమాట వస్తే తట్టుకోలేదని..."

"తట్టుకోలేనిది అదా, నువ్వా? నీ పిరికితనానికి దాన్ని అడ్డం పెట్టుకోకు."

"నీ కాళ్ళు పట్టుకుంటాను వదినా, దానికి మాత్రం చెప్పకు."

"నేను చెప్పను. నువ్వే చెబుతావు."

"ఇప్పుడా? ఇంటికెళ్ళాక..."

"ఇప్పుడే. లోపల అది ఫైలంతా తిరగేస్తోంది. 'మా ఆయన భద్రంగా తెచ్చిచ్చారు, నేనే ఎక్కడో పోగొట్టాను' అని డాక్టరుకి క్షమాపణ చెప్పుకుంటోంది. నడు."