పండ్లు లేని వైసు

సూరత్‌లో లాక్‌డౌన్ మొదలై రెండు నెలలు. ఖటోదరాలో తాను సాంచ (మరమగ్గం) నడిపే కార్ఖానా మూతపడ్డాక ఆగయ్య, ఇరవై రోజులు కూర్చుని వెల్డింగు చేసిన బెంచి వైసును, ఇనుమును బిగించి పట్టే పనిముట్టును, గది ముందు భార్య లింగవ్వకు చూపించాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు, పిచ్చి మారాజు.

“...గంతేనా? ఇరవై దినాలు కండ్లు వాపుకున్నది గీ దుంగ కోసమేనా?”

“దుంగ కాదే, వైసు. నలభై కిలోలు. లారీ జాకీ మర వెట్టిన. పిడి తిప్పితే దవడలు మూసుకుంటయ్.”

“నీ దవడలు గూడ మూసుకుంటయా? రేపు ఇచ్ఛాపూర్ వెల్డింగు షెడ్డు సేఠ్ ముందట మూసుకో. ఏమన్నడాయన?”

“సొంతంగ వైసు చేసుకొని రా, అండ్ల గొట్టం బిగించి సుత్తెతోని కొడ్త, కదలకపోతే పని నీదే అన్నడు.”

“కదిలితే?”

“కదలదు.”

“కదిలితే అంటున్న.”

“ఎల్లుండి మనోళ్ల బస్సు ఎక్కి సిరిసిల్లకు.”

“ఆడ సాంచలు నడుస్తున్నయా?”

“ఆడ గూడ బందే. కదలదంటున్న గద!”

“అయితే నేనే సేఠ్‌ను. ఆగు, మాస్కు వెట్టుకుంట. గొట్టం బిగించి సుత్తె ఇయ్యి.”

“జర మెల్లగ...”

“సేఠ్ నిన్ను జూసి మెల్లగ కొడ్తడా, నువ్వేమన్న ఆయన అల్లునివా? ఇగో, కొడ్తున్న! ...ఏమయ్యా, గొట్టమేది?”

“...ఎగిరి లోపల మంచం కింద వడ్డది.”

“శాన మంచిగ వట్టింది. ఒక్క దెబ్బకే పండుకునేతందుకు వోయింది.”

“సరిగ బిగియ్యలే. మల్ల కొట్టు.”

“నా కాలు మీద వడాల్నా? జరుగు, దవడలు చూడనియ్యి. ...ఓ అయ్యా, గీటికి పండ్లేవి? అద్దం లెక్క మెరుస్తున్నయ్. చూసుకుంట బొట్టు వెట్టుకోవచ్చు.”

“ఆకురాయితోని నున్నగ చేసిన. నాలుగు దినాలు వట్టింది.”

“ఎందుకు?”

“గరుకుంటే పోగు తెగుతది గద.”

“ఏ పోగయ్యా? వైసుల చీర నేస్తవా?”

“చెయ్యికి అలవాటైందే! ఇరవై రెండేండ్లు సాంచ మీద పోగుకు తాకేది ఏదున్నా నున్నగ చేసినంకనే పెట్టిన. ఆకురాయి వడితే చెయ్యి గట్లనే నడుస్తది.”

“మంచి చెయ్యే. ఇగ హాక్సాతోని పండ్ల లెక్క గాట్లు కొయ్యి, గొట్టం జారది. గంటసేపు పని.”

“పొద్దుగాల కోస్త.”

“పొద్దుగాల సేఠ్ కాడ ఉండాలె.”

“బ్లేడు మొండిగున్నది.”

“కొత్తది నీ అంగీ జేబుల ఉన్నది.”

“ఎండ దిగనియ్యి.”

“ఎండ ఇనుముకా, నీకా? గొట్టం జారాల్ననే చూస్తున్నవా ఏంది?”

“గాట్లు వెట్టిన్ననుకో, ఇగ నేను వెల్డింగోణ్ణే. నేసెటోణ్ణి గాదు. ఏడుపొస్తున్నది లింగవ్వా. లాక్‌డౌన్ తీస్తే మన కార్ఖాన తెరుస్తరు. అందరికన్న ముందుగాల నన్నే విలుస్తరు. పదహారో నంబరు సాంచ నా మాట తప్ప ఇంకొకని మాట ఇనదు.”

“ఇనదు.”

“ఎగతాళి చెయ్యకు.”

“చేస్తలేను. మొన్న మన కార్ఖాన కాడ రేషన్ లైన్ల నిలవడ్డప్పుడు చూసిన. మన సాంచలన్ని సుత్తెలతోని పలగ్గొట్టి తుక్కు లారీకి ఎక్కిస్తున్నరు. పదహారోది నా కండ్ల ముందటనే ముక్కలైంది. నీకు చెప్పనీకి నోరు రాలే. ...బ్లేడు ఇటియ్యి, ఒక దవడ నేను కోస్త.”