అతిథికి పెట్టిన కాఫీ

అమెరికాలో వెస్ట్ వర్జీనియా కొండల్లోని ఒక చిన్న ఊరు. ఆ ఊరి మేయరు చర్చి వంటగదిలోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. వంటగది చూసుకునే పెద్దావిడ తుప్పు రంగు నీళ్ళలో గిన్నెలు తోముతోంది.

"సెనేటర్ ఆఫీసు నుంచి ఫోనొచ్చిందక్కా. మన నీళ్ళ పైపులకి ఈసారీ డబ్బు లేదట."

"మళ్ళీనా? వాళ్ళ ఆఫీసు పిల్ల వచ్చి కళ్ళారా చూసి వెళ్ళిందిగా!"

"ఏం చూసింది? నువ్విచ్చిన కాఫీ తాగింది. ఈ ఊరి నీళ్ళు మరీ అంత చెడ్డగా ఏం లేవని పైవాళ్ళకి చెప్పిందట."

"అయ్యో, అది కొన్న నీళ్ళతో పెట్టిన కాఫీ కదయ్యా!"

"ఆ ముక్క ఆమెకి చెప్పావా?"

"ఎలా చెప్తాను? ఇంటికొచ్చిన మనిషికి ఈ నీళ్ళు పోస్తామా? అయినా తుప్పు సంగతి నువ్వు చెప్పావుగా."

"చెప్పాను. మనం చెప్పింది నమ్ముతుందా, తన నోటికి తగిలింది నమ్ముతుందా? పైగా ఆమె వస్తోందని ముందురోజే కుళాయిలన్నీ వదిలి తుప్పంతా పోనిచ్చాను."

"ఎందుకూ?"

"ఊరి పరువు పోతుందని."

"బాగా కాపాడావులే, మహానుభావా."

"సరేలే. వచ్చే ఏడు ఇంకొకర్ని పంపిస్తారట. అప్పుడు మాత్రం ఈ కుళాయి నీళ్ళతోనే కాఫీ పెట్టు."

"పెడతాను. కప్పు మాత్రం నువ్వే తీసుకెళ్ళి వాళ్ళ చేతికివ్వు."

అతను గిన్నెల మీంచి కారుతున్న తుప్పు రంగు నీళ్ళ వైపు చూశాడు.

"కొన్న నీళ్ళు అప్పటిదాకా ఉంటాయా అక్కా?"