వరండాలో పొయ్యి

అదేంటి సర్వే మేడంగారూ, అప్పుడే ‘సొంతిల్లు’ అని నొక్కేశారు? ఎవరికి సొంతం? మా అత్తగారికండీ! ఉన్నవి రెండు గదులు. ఆవిడ, మా బావగారి కుటుంబం నలుగురు, నేనూ, మా ఆయన ప్రదీపూ, మా చంటిదీ. ఎనిమిది మందిమీ కలిపి మీ ట్యాబులో ఒక్క సొంతిల్లా?

ఈ వీధంతా రాసుకొచ్చారుగా. అందరివీ సొంతిళ్లే కదూ? ఎందుకుండవూ! ఈ తాడేపల్లిగూడెంలో అద్దెకి దిగే తాహతు ఎవరికుందండీ? చేపల మేత వ్యాను తోలే మా ఆయన జీతంలో సగం అద్దెకే పోతుంది. అందుకే పెళ్లిళ్లయినవాళ్లంతా అమ్మల కొంగు పట్టుకుని పడున్నారు. అక్కడ మీ ఆఫీసులో మాత్రం, ఆహా, జనాలందరికీ సొంతిళ్లేనని చప్పట్లు కొట్టుకుంటారు!

నవ్వకండి. పొయ్యి వేరైతే కుటుంబం వేరని మీ రూలేగా? ఇదిగోండి మా పొయ్యి, వరండాలో మంచం పక్కన. మమ్మల్ని వేరుగా రాస్తే ఇల్లు లేనివాళ్లమవుతాం. ఇళ్ల స్థలాల లిస్టుకి పేరెక్కుతుంది. నాలుగేళ్లుగా దానికోసమే చూస్తున్నాం.

ఏంటీ, కొత్తగా మెరుస్తోందా? అబ్బా, మీ కళ్లు! సరే, కాస్త మెల్లిగా చెబుతా, అత్తగారు లోపలే ఉన్నారు.

ఆదివారం కొన్నామండీ. ఐడియా మా అత్తగారు మార్తమ్మగారిదే. ఆవిడంటే చర్చిలో అందరికీ హడల్. “ఊరికే పొయ్యి పెడితే ఎవరు నమ్ముతారే విక్టోరియా? వీధంతా వినేలా పోట్లాడుకుందాం” అన్నారు. ఇద్దరం గుమ్మంలో నిలబడి మొదలెట్టాం. భలే కుదిరిందనుకోండి! పక్కింటి సీతారత్నంగారు అంట్లు వదిలేసి మరీ చూశారు.

నా చేపల పులుసు నీళ్లలా ఉంటుందన్నారావిడ. మీ గురకకి చంటిది జడుసుకుంటోందన్నాను నేను. ఇద్దరికీ లోపల నవ్వే. తర్వాత ఆవిడ, “నా ఇంట్లో నాకే కాలు చాపుకునే చోటు లేకుండా చేశావు” అన్నారు. “మీరు పోతేగానీ మాకో గది రాదు” అన్నాను.

అనేశానండీ. నోరు జారింది కాదు. ఎన్నాళ్లనించో లోపల అనుకుంటున్న మాటే. ఆవిడకీ తెలిసిపోయింది. వెంటనే లోపలికెళ్లిపోయారు.

నాలుగు రోజులైంది. నేను వండింది ముట్టట్లేదు. చంటిదాన్ని కూడా దగ్గరికి పిలవట్లేదు. సిగ్గేస్తోంది మేడంగారూ.

రాసేయండి, కుటుంబం వేరే అనే రాసేయండి. ఆదివారం దాకా అది అబద్ధమే. ఇప్పుడు నిజమండీ.