పదికి పది వచ్చిన జవాబు

అది కాదన్నా, తలుపు కొట్టి లోపలికి రావడానికి కూడా మార్కులుంటాయని నీకెప్పుడైనా ఎవరైనా చెప్పారా? నిన్న మా అమ్మాయి నన్ను నా ఇంట్లోనే గది బయట నిలబెట్టింది. "తలుపు కొట్టండి, పిలిచాక రండి" అంది. రండి! కన్నకూతురు!

మూడుసార్లు కొట్టించింది. మొదటిసారి పోలీసులు కొట్టినట్టుందట. రెండోసారి పిల్లి గీకినట్టుందట. మూడోసారికి వంటింట్లో నీ మరదలు నవ్వాపుకోలేక చేతిలో గిన్నె జారవిడిచింది.

కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇది లాక్కో.

సోమవారం ఇంటర్వ్యూకి నీకూ కాస్త తర్ఫీదు ఇమ్మన్నావు. ఇస్తాను, ఎక్కడికి పోతాను? కానీ ముందు నా గోడు విను. కడుపులో పెట్టుకుంటే అరిగేది కాదిది.

పంతొమ్మిదేళ్ళు, అన్నా. పద్దెనిమిది మీటర్ల కటింగ్ బల్లకి ఆ చివర నువ్వు, ఈ చివర నేను. మన పని గురించి ఒక్కరోజైనా నోటితో చెప్పుకున్నామా? నీ చివర గుడ్డ పిసరంత వదులైతే ఇక్కడ నా వేళ్ళకి తెలిసేది. నేను తల ఎత్తేలోపే నువ్వు సర్దేసేవాడివి. ఇప్పుడు ఫ్యాక్టరీ మూసేసి రెండు నెలలైంది కాబట్టి, అదంతా వాక్యాలుగా చెప్పమంటున్నారు. చేత్తో బతికినవాణ్ణి నోటితో బతకమంటే ఎలా?

ఆ కొత్త కంపెనీలో గుడ్డ కోసేది కంప్యూటరట. మనిషి పక్కన నిలబడి చూస్తే చాలట. అలా చూడ్డానికి ఒక్కడు కావాలి, ఒక్కడే. పిలిచిందేమో మనిద్దరినీ. బల్లకి ఆ చివరా ఈ చివరా నిలబడ్డవాళ్ళని ఒకే కుర్చీకి పోటీ పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో కానీ, వాడు మహానుభావుడు.

సరే, అమ్మాయి సంగతికొస్తాను. ఉద్యోగాల కోసం తిరిగే పిల్లలకి పాఠాలు చెప్పే పని కదా దానిది. ఇస్త్రీ బల్ల అడ్డంగా పెట్టుకుని, దాని వెనక కళ్ళజోడు సవరించుకుంటూ కూర్చుంది. "మీ గురించి చెప్పండి."

"నీకు తెలీదుటే?" అన్నాను.

సున్నా వేసింది.

"అయిదేళ్ళ తర్వాత మీరెక్కడ ఉంటారు?" అంది. ఇంటాయన ఖాళీ చెయ్యమనకపోతే ఇక్కడే ఉంటానన్నాను. మళ్ళీ సున్నా. "మీ బలహీనత ఏమిటి?" మోకాళ్ళు, అన్నాను. నిజమే కదా! నీకు తెలుసు కదా! నాన్నా, బలహీనత అడిగితే బలంలాంటి బలహీనత చెప్పాలి అని మొదలెట్టింది. అంటే ఏంటి తల్లీ? "పని మొదలెడితే తిండి కూడా మర్చిపోతానని చెప్పు." మన భోజనం గంట ఎవరు ముందు వినేవాళ్ళో నీకు తెలీదూ?

నువ్వు నవ్వు, ఫరవాలేదు. నేనూ నవ్వాను, అక్కడిదాకా.

ఆ తర్వాత అడిగింది చూడు: "పనిలో మీరు చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్పండి, దాన్ని ఎలా దిద్దుకున్నారో కూడా చెప్పండి."

ఏ తప్పూ చెయ్యలేదన్నాను. ఎంత తొందరగా అన్నానంటే, అది పెన్ను కింద పెట్టి నా వంక చూసింది. తప్పే చెయ్యలేదనేవాణ్ణి ఎవరూ నమ్మరు నాన్నా, అంది. పోనీ తోటివాడు తప్పు చేస్తే నువ్వు గట్టెక్కించిన సంగతైనా చెప్పు. ఉంది కదా, ఆ వెల్వెట్ కోట్ల కథ!

కథ. అవును. ఇంట్లో అది కథే అయిపోయింది. నేనే చెప్పాను, ఎన్నిసార్లో చెప్పాను.

చెప్పాను మళ్ళీ. వెల్వెట్ నూగు ఒకే వైపుకి వాలి ఉంటుందనీ, అటు నిమిరితే లేతగా, ఇటు నిమిరితే ముదురుగా కనిపిస్తుందనీ, అందుకని పరిచేటప్పుడు ప్రతి పొరా ఒకే దిక్కుకి ఉండాలనీ. పొర పరిచి, ఆ చివర కోసి, బరువైన గుడ్డ తాను మళ్ళీ ఈ చివరికి మోసుకొచ్చి, ఇక్కణ్ణించే రెండో పొర మొదలెట్టాలనీ. మావాడొకడు ఒంట్లో బాగోలేక కొన్ని పొరలు తిరగేసి పరిచాడనీ. ట్యూబ్‌లైట్ల కింద ఎవరికీ కనబడలేదు, కుట్టి హ్యాంగర్లకి వేలాడదీశాక చూస్తే ఒక చెయ్యి లేత, ఒక చెయ్యి ముదురు. అప్పుడు నేను మూడు రోజులు కూర్చుని, కుట్లు విప్పించి, లేతకి లేత, ముదురుకి ముదురు జత చేసి, ముప్ఫై నాలుగు కోట్లు తప్ప మిగతావన్నీ దక్కించాననీ.

అమ్మాయి చప్పట్లు కొట్టింది. పదికి పది! "ఇది చెప్పు నాన్నా, ఉద్యోగం నీదే" అంది. నీ మరదలు వంటింట్లోంచి, "పాపం, బావగారికి ఆ రోజు ఎంత జ్వరమో" అంది.

నేను మాత్రం లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఏంటన్నావు?

మళ్ళీ అను. నువ్వూ అదే చెప్దామనుకుంటున్నావా? తప్పేమిటని అడిగితే వెల్వెట్ సంగతి ఒప్పేసుకుంటావా? ఎవరు చెప్పమన్నారు నీకు? వదినా? నిజాయితీగా ఉంటే మెచ్చుకుంటారందా?

ఆహా. చూడు ఎలా కుదిరిందో! ఒకే గది, ఒకే మనుషులు. నువ్వు వెళ్ళి "నేను పాడుచేశాను" అంటావు. నీ వెనకాల నేను వెళ్ళి "ఒకడు పాడుచేస్తే నేను బాగుచేశాను" అంటాను. వాళ్ళకి ఇంక ఆలోచించే పనేముంది?

చెప్పకన్నా. అది చెప్పకు.

ఎందుకంటే... ఉండు, కాస్త మంచినీళ్ళు తాగనీ.

ఎందుకంటే అది నీది కాదు.

ఆ మధ్యాహ్నం నీ ఒళ్ళు కాలిపోతోంది. నువ్వు కూర్చో అన్నా, మిగతావి నేను చూసుకుంటానన్నాను. ఆ మాట మంచి మనసుతోనే అన్నాను, అది మాత్రం నమ్ము. నువ్వు నీ చివర, గుడ్డపేలికల మూట మీద తల ఆన్చి కళ్ళు మూసుకున్నావు. నేనొక్కణ్ణీ తాను మోసుకుంటూ నాలుగు పొరలు పద్ధతిగానే పరిచాను. అయిదో పొర అయ్యేసరికి నడుం పట్టేసింది. అంత బరువు పెట్టుకుని ఊరికే వెనక్కి నడవడమెందుకు, తాను నీ చివరే తిప్పి, అక్కణ్ణించి ఇటు కూడా పరుచుకుంటూ వద్దాం అనుకున్నాను. నూగు సంగతి తెలీక కాదు. తెలుసు. ఆ మాత్రం తేడా ఎవడు చూస్తాడులే అనుకున్నాను, అంతే.

మనిషి తప్పు చేసేది తెలీనప్పుడు కాదన్నా. తెలిసి, "అంతేలే" అనుకున్నప్పుడు.

తర్వాత యజమాని అడిగాడు కదా. "ఎవడు తిప్పాడ్రా గుడ్డ?" అని హాలంతా దద్దరిల్లేలా అరిచాడు. గుడ్డ వెనక్కి తిరిగింది నీ చివర. అందరూ నీ వంక చూశారు. నువ్వేమో చేతులు చూసుకుని, "నాకు జ్వరమండీ, నేనే తిప్పేసి ఉంటాను" అన్నావు.

నేను నీకు మూరెడు దూరంలో ఉన్నాను. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆయన "పై నెల నిన్ను కటింగ్ మాస్టర్ని చేద్దామనుకున్నాను కదరా" అన్నాడు. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను.

పై నెల నన్ను చేశాడు.

కత్తెర ఎలా పట్టుకోవాలో నాకు నేర్పింది నువ్వు. ఆ తర్వాత పదకొండేళ్ళు నన్ను "మాస్టారూ" అని పిలిచావు, నలుగురిలో ఉన్నప్పుడు. కొత్తగా చేరినవాళ్ళు కూడా నిన్ను "వెల్వెట్ అన్న" అనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే అనుమానం వస్తుందని నవ్వేవాణ్ణి. వదిన ఓ రోజు నన్ను పిలిచి, మీ అన్నయ్య అన్నం సరిగా తినడం లేదు, నువ్వు కాస్త ధైర్యం చెప్పమంది. చెప్పాను! నీ పక్కన కూర్చుని, పొరపాట్లు ఎవరికి జరగవన్నా అని చెప్పాను! సిగ్గూ శరం వదిలేసి చెప్పాను.

ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. మొదటి వారం చెబితే ఒక్క తప్పు. ఏడాదికి రెండు తప్పులు. పదకొండేళ్ళకి లెక్కే లేదు. ఆలస్యం అమృతం విషం అంటారు చూడు, నాకది నిజమని తెలుసు, అయినా రోజూ ఇంకాస్త ఆలస్యం చేశాను.

తిట్టు. చెంప మీద కొట్టినా ఇవాళ నేను అడ్డు పెట్టను.

ఏంటి? ఎన్ని పొరలా? అదా నువ్వు అడిగేది!

ఇరవై రెండు. తిప్పి పరిచినవన్నీ నువ్వు కూర్చున్నాక వేసినవే. నీ చేత్తో వేసినవాటిలో ఒక్కటీ తిరగలేదన్నా. ఒక్కటీ. నూటనాలుగు జ్వరంలో కూడా నీ చెయ్యి తప్పలేదు. ఆ తర్వాత వెల్వెట్ వచ్చినప్పుడల్లా ఒక్కో పొరనీ రెండేసి సార్లు నిమిరి చూసుకునేవాడివి కదా, దాని అవసరమే లేదు నీకు.

అలా అరచేతుల వంక చూసుకోకు. నేను చూడలేకపోతున్నాను.

లేస్తున్నావా? లే. ఆపడానికి నాకేం ముఖముంది? ఒక్క మాట మాత్రం వినిపో.

సోమవారం నీది పదింటికి, నాది పదిన్నరకి. నేను లోపలికెళ్ళి నిజం చెబుతానని నీకు మాటివ్వాలనే ఉంది. ఇవ్వను. పదకొండేళ్ళ బట్టి ఆ అబద్ధాన్ని అరగదీసి నున్నగా చేశాను, నిన్న దానికి పదికి పది మార్కులు కూడా వచ్చాయి. ఆ కుర్చీలో కూర్చుని, ఎదురుగా నలుగురు నా వంక చూస్తే, అది దానంతటదే జారుకుంటూ బయటికొచ్చేస్తుంది. నాకు ఉద్యోగం కావాలన్నా. నీకెంత కావాలో నాకూ అంతే కావాలి.

ముందు వెళ్ళేది నువ్వు. ఆ కోట్లు పాడుచేసింది ఎవడో నువ్వే చెప్పెయ్. పేరు పెట్టి చెప్పు. నేను చెబుతానని మాత్రం నన్ను నమ్ముకోకు.